‘కరెంటు పెడితే’ చెయ్యి వస్తుందా? మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు విద్యుత్ చికిత్స

హనుమకొండలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్ బయట బెంచీ మీద కూర్చుని ఉంటే, పక్కనున్నాయన తన ఫోన్ నా ముందు పెట్టాడు. వీడియోలో చక్రాల కుర్చీలో ఓ విదేశీయుడు. మెడ వెనక అతికించిన పట్టీలు, వాటికి వైర్లు. ముందు టేబుల్ మీద చిన్న చిన్న చెక్క ముక్కలు. వణుకుతున్న వేళ్లతో ఒక ముక్కను పట్టుకుని, ఎత్తి, పక్కన పెట్టాడు.

“మా తమ్ముడు తాటిచెట్టు మీంచి పడ్డడు సార్. నాలుగు నెలలైతుంది. మావోనికి గూడ ఇక్కడ రోజూ కరెంటు పెడుతున్నరు. మరి గీయన చెయ్యి లేసింది, మావోనిది ఎందుకు లేస్తలేదు?”

ఆ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు లేదు. ముందు ‘కరెంటు పెట్టడం’ అనే మాటను విప్పాలి. మన దగ్గర నడుము నొప్పికీ, మూతి వంకర పోయినప్పుడూ, పక్షవాతానికీ, వెన్నుపాము దెబ్బకీ అన్నిటికీ అదే మాట. యంత్రాలు వేరు, కరెంటు వెళ్లే చోటు వేరు, అది చేసే పని వేరు.

ఒకే మాట కింద నాలుగు చికిత్సలు

మొదటిది నొప్పి తగ్గించే కరెంటు. టెన్స్, ఐఎఫ్‌టీ అని వాడుకలో ఉన్న పేర్లు ఇవే. చర్మం కింది నరాలకు జివ్వుమనే సంకేతం పంపి నొప్పి కబురును కాసేపు మరుగున పడేస్తాయి. వీటి పని అంతటితో సరి. పోయిన కదలికను తేవడానికి తయారుచేసినవి కావు. వరంగల్‌లో అయినా కరీంనగర్‌లో అయినా వీధి చివరి క్లినిక్‌లో ఎక్కువగా కనిపించేవి ఈ పెట్టెలే.

రెండోది కండరాన్ని కదిలించే కరెంటు. ముంజేతి మీద పట్టీలు అతికించి, కండరానికి వెళ్లే నరాన్ని బయటి నుంచి తట్టి లేపుతారు. వేళ్లు ముడుచుకుంటాయి, తెరుచుకుంటాయి. ఆ కదలికను గ్లాసు పట్టుకోవడం లాంటి పనికి జోడిస్తే దాన్ని ఎఫ్‌ఈఎస్ అంటారు.

వీడియోలో కనిపించింది మూడోది. పట్టీలు చేతి మీద కాదు, మెడ వెనక ఉంటాయి. కరెంటు చర్మం గుండా వెన్నుపాముకు చేరుతుంది. నాలుగోది కూడా వెన్నుపాముకే, కాకపోతే ఆపరేషన్ చేసి లోపల ఎలక్ట్రోడ్లు అమర్చుతారు. ఈ దారిలో బాగా పేరొచ్చిన ప్రయోగాలు కాళ్లకు సంబంధించినవి. పక్షవాతం వచ్చినవాళ్ల చేతికోసం మెడలోని వేగస్ నరానికి కరెంటు ఇచ్చే పరికరం కూడా ఒకటుంది. దానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి మెదడులో దెబ్బకు, వెన్నుపాము దెబ్బకు కాదు. వాట్సాప్‌లో ఇదీ, వెన్నుపాముకు పెట్టే కరెంటూ తరచూ కలిసిపోతుంటాయి.

మెడలో ఏ మెట్టు దగ్గర దెబ్బ, చేతిలో ఏ పని పోతుంది

వెన్నెముక అంటే ఎముకల దొంతర. వెన్నుపాము దాని లోపలి నరాల తాడు. మెడ భాగంలో ఆ తాడు నుంచి ఎనిమిది జతల నరాలు బయటికి వస్తాయి. వాటిని సి1 నుంచి సి8 వరకు లెక్కిస్తారు. చేతులకు వెళ్లేవి ముఖ్యంగా సి5 నుంచి, ఛాతీలో మొదటిదైన టి1 వరకు. సి5 మోచేతిని మడుస్తుంది. సి6 మణికట్టును పైకి లేపుతుంది. సి7 మోచేతిని చాపుతుంది. సి8 వేళ్లను ముడుస్తుంది. టి1 వేళ్లను ఎడంగా చాపుతుంది.

జనగామ వైపు ఒక గీత కార్మికుడు ఉన్నాడనుకుందాం. మోకు జారి పడ్డాడు. (2024లో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు మొదలుపెట్టింది ఇలాంటి ప్రమాదాలు ఆపడానికే.) సి6 వరకు మిగిలింది, ఆ కిందివి పోయాయి. ఇతను చెయ్యి మడిచి నోటి దాకా తెచ్చుకోగలడు, మణికట్టు ఎత్తగలడు. మోచెయ్యి బలంగా చాపలేడు కాబట్టి మంచం మీంచి కుర్చీలోకి జరగాలంటే చేతుల మీద ఒత్తి లేవడం కష్టం. వేళ్లు వాటంతట అవి ముడుచుకోవు.

అయినా అతను గ్లాసు పట్టుకోగలడు! మణికట్టు పైకి ఎత్తితే వేళ్ల అడుగున కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు బిగుసుకుని, వేళ్లు కొంచెం లోపలికి వంగుతాయి, బొటనవేలు చూపుడువేలికి దగ్గరవుతుంది. దీన్ని టెనోడెసిస్ పట్టు అంటారు. మంచి ఉద్దేశంతోనే ఇంట్లోవాళ్లు రోజూ మణికట్టును వెనక్కి వంచి, వేళ్లను కూడా పూర్తిగా సాగదీసి ‘ఎక్సర్‌సైజ్’ చేయిస్తుంటారు. అలా చేస్తే ఆ స్నాయువులు వదులైపోయి, ఉన్న పట్టు కూడా పోవచ్చు. ఏ యంత్రమూ లేకుండా దక్కే పట్టు అది. అందుకే చికిత్సల లెక్క దాని తర్వాతే మొదలవ్వాలని నాకనిపిస్తుంది.

దెబ్బ ఏ మెట్టు దగ్గర తగిలిందన్నది ఒక లెక్క. ఎంత లోతుగా తగిలిందన్నది ఇంకో లెక్క. దానికి ఎ నుంచి ఇ వరకు అక్షరాలున్నాయి. ‘ఎ’ అంటే దెబ్బ కింద కదలికా లేదు, స్పర్శా లేదు, వెన్నుపాము అట్టడుగు కొసకు చెందిన చోట్ల కూడా లేదు. ‘బి’ అంటే స్పర్శ మిగిలింది, కదలిక లేదు. ‘సి’, ‘డి’ అంటే కదలిక కొంత మిగిలింది, డిలో బలం ఎక్కువ. ‘ఇ’ అంటే పరీక్షలో అంతా మామూలే. ఈ అక్షరం దగ్గరికి మళ్లీ వద్దాం.

లో వోల్టేజీ మోటారు కథ

మెడ వెనక పెట్టే కరెంటు చేతిని తానే కదిలించదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం చిక్కు విడిపోతుంది.

వ్యవసాయ బావి దగ్గర స్టార్టర్ నొక్కినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. వోల్టేజీ తక్కువుంటే మోటారు గుయ్యిమంటుంది కానీ తిరగదు. లైన్ పూర్తిగా తెగిపోలేదు, కరెంటు వస్తూనే ఉంది, కానీ మోటారును తిప్పేంత లేదు. వెన్నుపాము దెబ్బల్లో చాలావాటి పరిస్థితి ఇదే. తాడు పూర్తిగా తెగదు. మెదడు పంపిన ఆజ్ఞ మిగిలిన కొన్ని పోగుల గుండా కిందికి చేరుతూనే ఉంటుంది. చేతి కండరాన్ని నడిపే నాడీకణం మేల్కోవడానికి ఆ బలం చాలదు.

అంకెల్లో చూద్దాం. ఇవి కేవలం అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు. నాడీకణం మేల్కోవాలంటే 10 పాళ్ల బలం కావాలి. ప్రమాదానికి ముందు మెదడు నుంచి 20 వచ్చేవి, ఇప్పుడు 6 వస్తున్నాయి. చెయ్యి కదలదు. మెడ మీది కరెంటు, వెన్నుపాములోకి స్పర్శ కబుర్లు తెచ్చే నరాల మొదళ్లను తట్టి, ఆ నాడీకణానికి ఇంకో 5 చేర్చింది. 6కు 5 కలిస్తే 11. చెయ్యి కదిలింది.

ఇప్పుడు అదే మనిషి చెయ్యి కదపాలని ప్రయత్నించకుండా టీవీ చూస్తూ పడుకున్నాడనుకోండి. మెదడు నుంచి వచ్చేది సున్నా, యంత్రం నుంచి 5. ఏమీ జరగదు. తాడు పూర్తిగా తెగినవాళ్లు ఎంత ప్రయత్నించినా పైనుంచి వచ్చేది సున్నానే. అక్కడా 5 దగ్గరే ఆగిపోతుంది. ఈ చికిత్సలో కరెంటు నడుస్తుండగానే పట్టుకోవడం, గిల్లడం, ఎత్తడం లాంటి సాధన చేయించేది అందుకే. యంత్రం పెట్టేసి మనిషిని పడుకోబెడితే అది ఈ చికిత్స కిందికి రాదు.

అలా పదే పదే కలిసి పనిచేస్తే మిగిలిన పోగుల కనెక్షన్లే బలపడతాయన్నది పరిశోధకుల ఆలోచన. పై లెక్కలో 6 కాస్తా 8 అయినట్టు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం 2021లో ఆరుగురి మీద చేసిన చిన్న అధ్యయనంలో, చికిత్స ఆపాక కనీసం మూడు నుంచి ఆరు నెలల దాకా మెరుగుదల నిలిచింది. ఆరుగురు అంటే చాలా తక్కువ మంది. అయినా యంత్రం ఆపగానే అంతా పోవడం లేదన్న సూచన అందులో ఉంది.

2024 ప్రయోగంలో ఏం చేశారు, 72 శాతం అంటే ఏమిటి

ఈ చికిత్స వార్తల్లోకి రావడానికి కారణం అప్-లిఫ్ట్ అనే ప్రయోగం. ఆన్‌వార్డ్ మెడికల్ అనే కంపెనీ తయారుచేసిన ఆర్క్-ఈఎక్స్ పరికరంతో, 14 కేంద్రాల్లో, మెడ దెబ్బతో నాలుగు అవయవాలూ దెబ్బతిన్న 60 మంది మీద జరిగింది. ఫలితాలు 2024 మేలో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చాయి. అదే ఏడాది డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది.

అందరికీ ముందు రెండు నెలలు సాధన మాత్రమే చేయించారు. తర్వాత రెండు నెలలు సాధనతో పాటు మెడ వెనక కరెంటు పెట్టారు. రెండో దశ చివర్లో ఎక్కడున్నారో, మొదటి దశ చివర్లో ఎక్కడున్నారో పోల్చారు. 72 శాతం మందిలో, అంటే 60లో 43 మందిలో, బలమూ పెరిగింది, చేతితో చేసే పనీ మెరుగైంది. రెండిటిలోనూ ముందుగా పెట్టుకున్న కనీస గీత దాటితేనే లెక్కలోకి తీసుకున్నారు. దెబ్బ తగిలి 34 ఏళ్లయినవారు కూడా మెరుగైనవాళ్లలో ఉన్నారు. పరికరం వల్ల తీవ్రమైన హాని ఎవరికీ జరగలేదు.

మంచి సంఖ్యే. కానీ 72 శాతం అనగానే మన చెవికి ‘నూటికి 72 మందికి చేతులు వచ్చేశాయి’ అని వినిపిస్తుంది. ఆ సంఖ్య చెప్పేది మెరుగైనవాళ్లు ఎంతమంది అన్నదే, ఒక్కొక్కరు ఎంత మెరుగయ్యారన్నది కాదు. ఒకరి గిల్లే బలం 200 గ్రాముల నుంచి 400 గ్రాములకు పెరిగిందనుకుందాం. నూరు శాతం పెరిగిందని రాయొచ్చు, అబద్ధం కాదు. ఆ 200 గ్రాముల తేడాతో ఒకరికి మాత్ర స్ట్రిప్పులోంచి ఊడి రావచ్చు, ఇంకొకరికి రోజువారీ పనిలో ఏ తేడా తెలియకపోవచ్చు. చొక్కా గుండీ తానే పెట్టుకోగలిగినవాడికి అది చిన్న మార్పు కాదు. మళ్లీ తాటిచెట్టు ఎక్కడం మాత్రం ఈ లెక్కల్లో ఎక్కడా లేదు.

సమర్థించేవారి మాట, సందేహించేవారి మాట

పెద్ద అభ్యంతరం ప్రయోగం తీరు మీదే. ఇందులో పోల్చుకోవడానికి రెండో గుంపు లేదు. ఉత్తుత్తి యంత్రం పెట్టిన కొందరినీ, అసలు యంత్రం పెట్టిన కొందరినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. నాలుగు నెలలు వదలకుండా సాధన చేస్తే, కరెంటు లేకపోయినా మూడు, నాలుగు నెలల్లో ఇంకొంత మెరుగయ్యేవాళ్లేమో? కొత్త యంత్రం పెట్టారన్న ఉత్సాహంతో మరింత గట్టిగా ప్రయత్నించారేమో? వీటిని ఈ ప్రయోగం పూర్తిగా కొట్టివేయలేదు.

సమర్థించేవాళ్ల జవాబులోనూ పస ఉంది. పాల్గొన్నవాళ్లంతా దెబ్బ తగిలి కనీసం ఏడాది దాటినవాళ్లు. సహజంగా కోలుకోవడం ఎక్కువగా తొలి నెలల్లోనే జరిగిపోతుంది. ఏళ్లు గడిచాక, రెండు నెలల సాధన కూడా అయిపోయాక, ఆ పైన మార్పు వచ్చిందంటే దానికి వేరే కారణం చూపించడం కష్టం. పైగా ఉత్తుత్తి కరెంటు పెట్టడం చెప్పినంత తేలిక కాదు. మెడ మీద స్పర్శ ఉన్నవాళ్లకు జివ్వుమనడం తెలిసిపోతుంది, లేకపోయినా తెలిసిపోతుంది.

నా మటుకు నాకు, ఏడాది దాటినవాళ్లనే తీసుకోవడం ఈ ప్రయోగంలో గట్టి అంశం. మన దగ్గర వినిపించే చాలా కథల్లో లేనిదీ అదే. “మూడు నెలలు కరెంటు పెట్టించాం, వేళ్లు కదిలాయి” అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ప్రమాదం జరిగిన మూడో నెలలోనో ఐదో నెలలోనో కదిలిన వేళ్లు కరెంటు లేకపోయినా కదిలి ఉండేవేమో, ఆ ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు.

యంత్రం లోపల కూడా ఒక వాదన నడుస్తోంది. సెకనుకు 30 సార్లు తట్టే కరెంటులో, ఒక్కో తట్టును మళ్లీ సెకనుకు 10 వేల సార్ల వేగంతో ముక్కలు చేసి పంపుతారు. అలా చేస్తే చర్మం మంట లేకుండా ఎక్కువ కరెంటు పంపొచ్చని తయారీదారులు అంటారు. నరాన్ని తట్టడానికి అప్పుడు కరెంటు కూడా ఎక్కువే కావాల్సి వస్తుంది కాబట్టి లాభం పెద్దగా లేదని కొందరు పరిశోధకులు అంటారు. రోగికి దీంతో పనిలేదు. కానీ ‘మాదీ అదే మిషన్’ అని మామూలు పెట్టెను చూపించేవాళ్లు ఎదురైతే ఈ సంగతి పనికొస్తుంది.

కండరానికి నేరుగా పెట్టే కరెంటు: పాతదే, దాని హద్దులూ పాతవే

ఎఫ్‌ఈఎస్ 1961 నుంచి ఉంది, మొదట నడుస్తుంటే పాదం ఈడ్చుకుపోయేవాళ్ల కోసం వచ్చింది. చేతికి దీని గొప్ప నమూనా ఫ్రీహ్యాండ్. ఎలక్ట్రోడ్లను చేతిలోనే అమర్చి, రెండో వైపు భుజాన్ని కొంచెం కదిపితే ఈ చెయ్యి మూసుకునేలా, తెరుచుకునేలా చేశారు. 1997లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2001 కల్లా కంపెనీ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది. పరికరం పనిచేయక కాదు, కొనేవాళ్లు చాలక. ఒంట్లో పెట్టించుకున్నవాళ్లు మాత్రం విడిభాగాల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. కొత్త పరికరం వచ్చిందనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఈ కథే.

ఎఫ్‌ఈఎస్‌కు ఇంకో హద్దు ఉంది. అది కండరాన్ని నేరుగా కదిలించదు, కండరానికి వెళ్లే నరాన్ని కదిలిస్తుంది. ఆ నరం వెన్నుపాములోని ఒక కణం నుంచి పుడుతుంది. దెబ్బ సరిగ్గా ఆ మెట్టు మీదే తగిలి ఆ కణాలు చచ్చిపోతే, కింది నరమూ ఎండిపోతుంది. అప్పుడు మామూలు యంత్రానికి ఆ కండరం ఉలకదు, పలకదు. దెబ్బ మెట్టుకు కింద ఉన్న కండరాలకు ఈ బాధ లేదు. వాటి కణాలు బతికే ఉన్నాయి, పైనుంచి ఆజ్ఞ అందడం లేదంతే. ఒకే మనిషి ఒకే చేతిలో ఒక కండరం కరెంటుకు ఎగిరిపడి, పక్క కండరం చలనం లేకుండా ఉండటానికి కారణం ఇదే. మెడ మీద పెట్టే కరెంటుకూ ఈ హద్దు తప్పదు. మేల్కొలపడానికి కణమే లేకపోతే ఎన్ని పాళ్లు చేర్చినా పనిలేదు.

ఆపరేషన్‌కు గడియారం ఉంది

కరెంటు చుట్టూ ఇంత సందడి ఉండటం వల్ల ఒక పాత దారి మరుగున పడుతోంది. పనిచేస్తున్న కండరం స్నాయువును తెచ్చి పనిచేయని చోట కుట్టడం దశాబ్దాలుగా ఉన్న ఆపరేషన్. భుజం కండరంతో మోచెయ్యి చాపడం, ముంజేతి కండరంతో బొటనవేలు ముడవడం దీనితో సాధ్యం. దీనికి తొందర లేదు, ఏళ్ల తర్వాతైనా చేయొచ్చు.

కొత్తగా వచ్చింది నరాన్ని మళ్లించడం. దెబ్బ పైభాగం నుంచి వచ్చే బతికున్న నరం కొమ్మను, కింద పనిచేయని నరానికి కలుపుతారు. ఆస్ట్రేలియా సర్జన్లు 16 మందికి ఇలా చేసిన ఫలితాలు 2019లో లాన్సెట్‌లో వచ్చాయి. పైన చెప్పిన నరం ఎండిపోయిన కండరాలకు ఇది చేయాలంటే ఆలస్యం పనికిరాదు, సుమారు ఏడాది లోపే చూడాలి. ఆ తర్వాత కండరం కొత్త నరాన్ని అందుకునే స్థితిలో ఉండదు. ఏడాది పాటు ఏదో ఒక కరెంటు పెట్టిస్తూ ఎదురుచూసిన కుటుంబానికి ఆ కాలం అలా గడిచిపోతుంది.

వరంగల్ నుంచి చూస్తే

ఎఫ్‌డీఏ అనుమతి అమెరికాలో అమ్ముకోవడానికి. మన దేశంలో వైద్య పరికరాలను 2017 నిబంధనల కింద చూసేది కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ. అది వేరే తలుపు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెరిగింది. కానీ వెన్నుపాము దెబ్బలో కుటుంబాన్ని కుంగదీసేది ఆపరేషన్ బిల్లు ఒక్కటే కాదు. నర్సంపేట నుంచో పరకాల నుంచో రోజూ మనిషిని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి, హనుమకొండ తెచ్చి, మళ్లీ తీసుకెళ్లాలి. తోడు వచ్చే మనిషి కూలి పోతుంది. సాధన లేకపోతే కరెంటు పనిచేయదని ముందే అనుకున్నాం. ఆ సాధన ఖర్చు యంత్రం ధరలో కనిపించదు.

హాని తక్కువే అన్నది డాక్టర్ల పర్యవేక్షణలో జరిగిన ప్రయోగం మాట. స్పర్శ లేని చర్మం మీద పట్టీ సరిగా అంటుకోకపోతే కాలినా తెలియదు. టి6, ఆ పైన దెబ్బ తగిలినవాళ్లకు, ఒంట్లో ఎక్కడో కలిగిన ఇబ్బందికి ఉన్నట్టుండి బీపీ ఎగబాకవచ్చు. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం మీద చెమటలు వస్తాయి. మెడ దెబ్బ ఉన్న ప్రతి ఒక్కరూ ఆ జాబితాలోని వాళ్లే.

బెంచీ మీది అన్న సంచిలోంచి డిశ్చార్జి కాగితాలు తీసి నాకిచ్చాడు. ‘క్వాడ్రిప్లీజియా’ (కాళ్లూ చేతులూ నాలుగూ దెబ్బతినడం) అని ఉంది, సి6 అని ఉంది. ఎ, బి, సి, డిలలో ఏదో ఆ కాగితంలో లేదు. అప్-లిఫ్ట్ ప్రయోగంలోకి ‘ఎ’ వాళ్లను అసలు తీసుకోనేలేదని చెప్పాను. ఎ, బిల మధ్య గీత ఎక్కడుందో కూడా చెప్పాల్సి వచ్చింది. మలద్వారం దగ్గర స్పర్శ ఉందా, లోపల వేలితో నొక్కితే తెలుస్తోందా అని చూస్తారు. చెప్పేవాళ్లకూ అడిగేవాళ్లకూ సిగ్గుగా ఉండే పరీక్ష అది. తొలి వారాల్లో ‘ఎ’ అని రాసినవాళ్లలో కొందరు తర్వాతి నెలల్లో ‘బి’లోకో ‘సి’లోకో వస్తారు, అందుకే మళ్లీ మళ్లీ చూడాలి.

ఆయన కాసేపు ఆలోచించాడు. “గసొంటి పరీక్ష ఎవ్వలూ చెయ్యలేదు సార్” అన్నాడు. తర్వాత లోపలికి తొంగిచూసి, “కానీ మొన్న మూత్రం పైపు మార్చేటప్పుడు సుర్రుమన్నదన్నడు మావోడు. అది లెక్కకొస్తదా?” అని అడిగాడు.

లెక్కకు రావచ్చు. ఆ పరీక్ష చేశాక డాక్టరే చెప్పాలి.